ముఖమల్ కోటు రౌతు

చిట్టేటిగుట్ట కింద జంతువులే కట్టుకుని జంతువులే నడుపుకునే గుర్రపుసాల ఒకటుండేది. కింద గుర్రాలు, పైన అటక మీద కోళ్ళు, గుమ్మంలో గాడిద. గుర్రాలు కొండముచ్చుల్ని వీపు మీద ఎక్కించుకుని ఈ గుట్ట కబుర్లు ఆ గుట్టకీ, ఆ గుట్ట కబుర్లు ఈ గుట్టకీ చేరవేసేవి. కోళ్ళు గుర్రాల కాళ్ళ మధ్య తిరుగుతూ గడ్డిలో పురుగులు ఏరుకునేవి. గాడిద పని వచ్చినవాళ్ళని చూడడం. రౌతులైతే లోపలికి పంపాలి, కాకపోతే అటునుంచి అటే సాగనంపాలి.

ఆ గాడిద పేరు వీరాసామి. సాలకి రాకముందు చాకిరేవులో బట్టల మూటలు మోసినవాడు. అందుకని బట్టల విషయంలో తనని మించినవాడు లేడని వాడి నమ్మకం.

"మూట వీపున పడగానే అందులో ఉన్నది పెళ్ళివారి బట్టో, పేదవాడి బట్టో చెప్పేసేవాణ్ణి. బట్ట చూపించండి చాలు, కట్టుకున్నవాడి జాతకం చెబుతా" అని దారినపోయే కాకులతో కూడా అనేవాడు.

వాడి మనసులో ఇంకో కోరిక కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. దర్జాగా బట్టలు కట్టుకున్న రౌతు ఒకడు ఎప్పటికైనా తన వీపు మీద కూర్చోవాలి. ఇన్నేళ్ళలో ఆ వీపు మీదికి మూటలు ఎక్కాయి, చాకిరేవు పిల్లలు పాకారు, కాకులు వాలాయి. రౌతు మాత్రం ఎక్కలేదు.

ఒకరోజు పొద్దున్న గుర్రాలన్నీ మేతకి బయల్దేరుతుంటే, సాలకి పెద్దదిక్కయిన చుక్కమ్మ అనే ముసలి గుర్రాన్ని వీరాసామి పక్కకి పిలిచాడు.

"చుక్కమ్మక్కా, అడగకూడదు గాని అడుగుతున్నా. మన రౌతుల అవతారాలు నీకు కనిపించడం లేదా? ఆ కొండముచ్చు కొండయ్యనే చూడు. లాగూకి మోకాళ్ళ లోపలివైపు తోలు మాసికలు. చొక్కా నిండా నూనె మరకలు. తోకేమో తాడులాగా నడుముకి చుట్టుకుంటాడు. చూసేవాళ్ళు మన సాల గురించి ఏమనుకుంటారు?"

చుక్కమ్మ నోట్లో గడ్డి నములుతూనే చెప్పింది. "జీను రాసుకునేది మోకాలి లోపలివైపే కదా వీరాసామీ. అక్కడ తోలు వేసుకోకపోతే వాడి తోలు ఊడొస్తుంది. తోక చుట్టుకోకపోతే నా కాళ్ళకి అడ్డం పడుతుంది. గుర్రం దగ్గర వేలాడేదీ పనికిరాదు, గలగలలాడేదీ పనికిరాదు. ఇస్త్రీ చొక్కాతో సాలకి వచ్చాడంటే వాడు పేడ ఎత్తడానికి రాలేదని అర్థం."

"అంటే మురికిగా ఉన్నవాడే రౌతంటావా?"

"మురికిగా ఉన్నవాడు కాదయ్యా, మురికయినా ఫరవాలేదు అనుకున్నవాడు."

ఆ మాట వీరాసామికి రుచించలేదు. చాకిరేవు పెంపకం కదా, మరక కనిపిస్తే మనసు ఊరుకోదు. గుర్రాలు మలుపు తిరిగేదాకా ఆగి, గుమ్మం ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"వినండహో. ఇవాళ్టినుంచి మంచి బట్టలు కట్టుకున్న రౌతులకే ఈ గుమ్మం తెరుచుకుంటుంది. చెప్పేది వీరాసామి."

గాడిద గుసగుసలాడినా గుట్ట అవతలికి వినిపిస్తుంది. ఇక చాటింపు వేస్తే చెప్పాలా? గుట్టవతల పొదలో ఆకలితో పడుకున్న జంబయ్య అనే గుంటనక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. సాలలో కోళ్ళున్నాయని జంబయ్యకి తెలుసు. గాడిద కాలి దెబ్బ ఎలా ఉంటుందో కూడా తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆ దారిన పోలేదు. ఇప్పుడు మాత్రం లేచి కూర్చుని మీసాలు దువ్వుకున్నాడు. మొన్నటి వానలకి ఎవరో నాటకాలవాళ్ళ బండి వాగులో ఒరిగిపోతే, రాజు వేషం పెట్టె ఒకటి కొట్టుకొచ్చి వాడి గుహ ముందు ఆగింది. ఊరికే పడి ఉంది, దేనికి పనికొస్తుందా అనుకుంటూ ఉన్నాడు.

ఇక్కడ ఎండ నడినెత్తికి వచ్చేవేళకి కొండయ్య రోజూలాగే భుజాన చీపురు వేసుకుని సాలకి వచ్చాడు. గుర్రాలు తిరిగొచ్చేలోగా సాల ఊడ్చి, జీన్లకి నూనె రాసి పెట్టుకోవడం వాడి అలవాటు.

వీరాసామి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగు. కొత్త పద్ధతి వచ్చింది. మంచి బట్టలుంటేనే లోపలికి."

"పేడ ఎత్తడానికి పట్టుపంచె కట్టుకు రమ్మంటావా మావా?"

"ఎత్తేది పేడయినా ఎత్తేవాడు దర్జాగా ఉండాలి."

కొండయ్య నవ్వాలో తిట్టాలో తేలక, "సరే, నీ సరదా తీరేదాకా గోడ మీద కూర్చుంటా" అని ప్రహరీ ఎక్కి, జేబులోంచి చింతకాయ తీసి కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ఆ చింతకాయ అయిపోకముందే దారిలో గజ్జెల చప్పుడయింది.

వీరాసామి తల తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే ఉండిపోయాడు. చెమ్కీలు కుట్టిన ఎర్ర ముఖమల్ కోటు, పట్టు పైజామా, నేలమీద జీరాడే పచ్చ శాలువా. నెత్తిన నెమలీక గుచ్చిన తలపాగా. కాళ్ళకి ముక్కు పైకి తిరిగిన జోళ్ళు, వాటి మడమలకి ఇనప ముళ్ళు, పైన గజ్జెలు. ముఖమంతా కప్పేసిన మఫ్లరు. అలాంటి బట్ట చాకిరేవుకి ఏడాదికొక్కటి వచ్చినా రేవంతా పనాపుకుని చూసేది.

"ఎవరండీ తమరు?" అన్నాడు వీరాసామి, గొంతు తనకే కొత్తగా వినిపించేంత మెల్లగా.

"పడమటి దివాణంలో రౌతుని. జలుబు చేసింది, మఫ్లరు తీయను, ఏమీ అనుకోకండి" అన్నాడు జంబయ్య ముక్కుతో మాట్లాడుతూ. "దివాణం గుర్రాలు ఎక్కి ఎక్కి మొహం మొత్తింది. ఇక్కడ వీరాసామిగారని ఒకరున్నారట. వారి వీపెక్కితే పల్లకీ ఎక్కినట్టుంటుందని మా వైపు చెప్పుకుంటారు."

వీరాసామికి కాళ్ళకింద నేల ఉందో లేదో తెలియలేదు. తన వీపు సంగతి పడమటి దివాణం దాకా పాకిందని ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదు.

గోడమీదినుంచి కొండయ్య పలికాడు. "మావా, దొరగారి శాలువా దారంతా ఊడ్చుకుంటూ వచ్చింది. దానితో గుర్రమెలా ఎక్కుతారో అడుగు."

"మాసికలవాడివి, నీకు శాలువా సంగతేం తెలుసు?" అని కసిరి, వీరాసామి తలుపు బార్లా తెరిచాడు. "దయచేయండి. మా సాల చూద్దురుగాని."

లోపల బొట్టెమ్మ అనే పెట్ట గడ్డిలో గింజలు చిమ్ముతోంది. మిగతా కోళ్ళు అటక మీద కునుకు తీస్తున్నాయి. బొట్టెమ్మ పిల్లలు మాత్రం నేలమీదే ఉన్నాయి. వాటికింకా రెక్కలు రాలేదు, నిచ్చెన మెట్టుమెట్టుకీ గెంతి ఎక్కాల్సిందే. ఊరక రారు మహానుభావులు అనుకుంటూ బొట్టెమ్మ వచ్చినాయన్ని కిందినుంచి పైదాకా చూసింది. గుర్రమెక్కేవాడి ఒంటిమీద గుర్రం వెంట్రుక కనిపించాలి. ఆ ముఖమల్ మీద ఒక్కటి లేదు. పైగా దొరగారి చూపు జీన్ల వైపూ లేదు, కళ్ళేల వైపూ లేదు. నేలమీది పిల్లల మీదే ఉంది.

వచ్చింది రౌతు కాదని బొట్టెమ్మకి అర్థమయింది. అరిచిందా, పెద్దకోళ్ళు దూలమెక్కుతాయి, పిల్లలు నోటికందుతాయి. వీరాసామికి చెబుదామంటే వాడి కళ్ళనిండా చెమ్కీలే. అందుకని మెడ వంచి, నేలకి ముక్కు తాకేలా దణ్ణం పెట్టింది.

"ఎంత అదృష్టమండీ. దివాణం రౌతుని చూడడం మా పిల్లలకి మళ్ళీ దొరుకుతుందా? అందరితోనూ తమ కాళ్ళకి మొక్కిస్తాను. కాకపోతే పొద్దున్నించీ పెంటలో పొర్లారు, ముఖాలు చూడండి ఎలా ఉన్నాయో. తమరు మా వీరాసామన్న మీద ఊరికే ఒక్క చుట్టు తిరిగి రండి. ఈలోగా ముఖాలు కడిగి, బొట్లు పెట్టి వరసగా నిలబెడతాను. ఒక్కొక్కరే వచ్చి మొక్కుతారు."

ఒక్కొక్కరే, వరసగా, కడిగిన ముఖాలతో. జంబయ్యకి మఫ్లరు లోపల నోరూరింది. పోనీ కాదందామన్నా, పక్కన వీరాసామి అప్పటికే వీపు వంచి నిలబడ్డాడు.

"అలాగే కానివ్వండి. ఒక్క చుట్టే" అన్నాడు.

పెరట్లోకి వచ్చి, జంబయ్య గాడిద చుట్టూ అటూ ఇటూ తిరిగి, ఎలాగో పాకి ఎక్కాడు. ముఖం తోకవైపుంది.

"దొరగారు వెనక్కి చూస్తూ స్వారీ చేస్తారా?" అన్నాడు కొండయ్య.

"దివాణంలో అదే మర్యాద. వదిలి వచ్చిన ఊరిని చూస్తూ వెళతాం" అంటూనే జంబయ్య కష్టపడి ముందుకి తిరిగాడు.

వీరాసామి అడుగువేశాడు. ఎంతకాలంగానో కలగన్న అడుగు అది. తల ఎత్తి, ఛాతీ విరిచి రెండో అడుగు వేశాడు. గజ్జెలు డొక్కల పక్కన గల్లుమన్నాయి. మూడో అడుగుకి శాలువా అంచు వెనక కాళ్ళకి చుట్టుకుంది. పట్టు పైజామా పచ్చిపాకుడు మీద అరిటితొక్కలాగా అటు జారుతోంది, ఇటు జారుతోంది. బట్టలమూట కూడా ఏనాడూ వీపుమీద అంత దొర్లలేదు. రౌతు మెత్తనయితే గుర్రం మూడుకాళ్ళ మీద నడుస్తుందంటారు. ఇక్కడ రౌతు జారుతుంటే గాడిదకి ఉన్న నాలుగు కాళ్ళూ ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"దొరగారూ, కాస్త మోకాళ్ళు బిగించండి" అన్నాడు వీరాసామి.

మోకాళ్ళంటే ఏవి బిగించాలో జంబయ్యకి తెలియదు. పడిపోతానన్న భయంతో మడమలు బిగించాడు. ఇనప ముళ్ళు రెండూ వీరాసామి డొక్కల్లో దిగాయి.

అంతే, వీరాసామి ఆగలేదు. ప్రహరీ చుట్టూ, నీళ్ళతొట్టి చుట్టూ, మళ్ళీ గుమ్మం ముందునుంచీ దౌడు తీశాడు. గుమ్మం గడియకి శాలువా చిక్కుకుంది. శాలువాతో పాటు మఫ్లరు చుట్లు చుట్లుగా విడిపోయింది. నాటకాల కోటు కుట్లెంత గట్టివి గనక, వీపున బర్రున చిరిగింది. పైజామా వెనకనుంచి గుప్పెడు బూడిదరంగు తోక బయటపడింది.

లోపల బొట్టెమ్మ ఈలోగా ఆఖరి పిల్లని నిచ్చెన ఎక్కించి, నిచ్చెన తోసేసింది.

వీరాసామి ఆయాసపడుతూ పక్కనున్న నీళ్ళతొట్టిలోకి చూశాడు. నీళ్ళలో తన ముఖం, దాని వెనక సన్నమూతి, కోరలు, మెడకి వేలాడుతున్న తలపాగా. బట్ట తీసేస్తే ఏముందో ఆ కళ్ళకి మొదటిసారి కనిపించింది. పిల్లలున్న గదిలోకి ఎవరిని చేతులారా పిలుచుకుపోయాడో తలుచుకునేసరికి, ముళ్ళ నొప్పికన్నా ఆ నొప్పి ఎక్కువయింది. ఉన్నచోటే నిలిచి, తల దించి, వెనకకాళ్ళు రెండూ ఎత్తాడు. జంబయ్య గాడిద చెవుల మీదుగా జారి ముందు పడ్డాడు. లేవబోతుంటే వీరాసామి వెనుదిరిగి ఒక్క తన్ను తన్నాడు.

తంతే బూరెల బుట్టలో పడ్డట్టు అని సామెత. జంబయ్య పడింది కొండయ్య ఊడ్చకుండా వదిలేసిన పేడకుప్పలో.

అటక మీదినుంచి బొట్టెమ్మ తొంగిచూసింది. "దొరగారూ, పిల్లల ముఖాలు కడిగానండీ. తమ ముఖం కూడా కాస్త కడుక్కుని పైకి రండి, మొక్కుతారు."

కొండయ్య చీపురుతో గోడ దిగాడు. జంబయ్య ఆ చీపురు తనదాకా వచ్చేవరకూ ఆగలేదు. ఒక జోడు పేడలో వదిలి, ఒక జోడుతో కుంటుకుంటూ, గజ్జెలు మోగించుకుంటూ గుట్టకి అడ్డంపడి పరుగెత్తాడు. వాడు ఎటు పోతున్నాడో ఆ చప్పుడుని బట్టి అడవంతటికీ తెలిసింది.

పెరడు సద్దుమణిగింది. వీరాసామి చెవులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

"బొట్టెమ్మా, నీ పిల్లల్ని నేనే..." అని మాట పూర్తి చేయలేకపోయాడు.

"పూర్తి చేయకు వీరాసామన్నా. పిల్లలు పైనున్నారు, వాడు పేడలో పడ్డాడు. నువ్వు తన్నిన తన్ను కూడా లెక్కలోదే" అంది బొట్టెమ్మ.

కొండయ్య తడిగుడ్డతో వీరాసామి డొక్కల్లో ముళ్ళగాట్లు తుడిచాడు. నూనె రాశాడు. ఆ నూనె మరకొకటి చొక్కాకి అంటుకుంది, వీరాసామి దాని వంక చూశాడు గాని ఏమీ అనలేదు.

"మావా, గుర్రాలు ఇంకా రాలేదు. అవతలి గుట్టకి ఒక కబురుంది. నువ్వు తీసుకెళతావా?" అన్నాడు కొండయ్య.

"నన్నా అడుగుతున్నావు?"

"దివాణం నీ వీపు గురించి ఏమందో నాకు తెలియదు. నేను మాత్రం గోడమీదినుంచి చూశాను. అంత దొర్లుతున్నా చాలాసేపు వాడిని పడనివ్వలేదు నువ్వు."

తోలుమాసికల మోకాళ్ళు డొక్కలకి మెత్తగా ఆనుకున్నాయి. ఏదీ వేలాడలేదు, ఏదీ మోగలేదు. పైన ఒకడున్నాడన్న సంగతి తప్ప బరువే తెలియలేదు. మేతనుంచి వస్తున్న చుక్కమ్మ దారిలో వాళ్ళని చూసి, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఇక జంబయ్య గుహకి చేరేసరికి పొద్దు వాలింది. పేడ ఎండి తోక కొయ్యబారింది. నక్క పెళ్ళాం ముక్కు మూసుకుని ఎదురొచ్చింది.

"కోళ్ళేవి?"

"ఇవాళ కోళ్ళకి వెళ్ళలేదే. గుర్రపుస్వారీ నేర్చుకున్నాను."

"బాగానే ఉంది. ఎక్కడం వచ్చిందా?"

"వచ్చింది."

"దిగడం?"

"అది వాళ్ళే చూసుకున్నారు" అని జంబయ్య మెల్లగా పక్కకి ఒరిగి పడుకున్నాడు. కూర్చోవడానికి వీలులేని దెబ్బ అది.

నీతి: వేషం గుమ్మం దాటించగలదు గాని, వీపు మీద నిలబెట్టలేదు.