ఘాట్ రోడ్డు మలుపులో గుప్పెడు మురీలు

అనగనగా అనగానే ఊరే రావాలా ఏంటి తల్లీ, ఇవాళ కొండ వచ్చింది. అనగనగా ఒక పెద్ద కొండ. ఆ కొండ మీద నుంచి మెలికలు తిరుగుతూ కిందికి దిగే ఒక ఘాట్ రోడ్డు. ఆ రోడ్డు దిగడం మొదలయ్యే చోట ఒక పూరిపాక. ఆ పాకలో ఒక కాఫీ హోటలు.

హోటలంటే నువ్వు నాన్నతో వెళ్తావే, అలాంటిది కాదు. ఒక మట్టిపొయ్యి, రెండు బెంచీలు, ఒక నీళ్ళ డ్రమ్ము. అంతే.

ఆ హోటలు ఎర్రయ్యమ్మ అనే ఆవిడది. ఆవిడకి ఒక్కడే కొడుకు, పేరు గంగునాయుడు. అందరూ గంగులు అనేవారు. కోడలి పేరు నూకరత్నం.

ఆ కొండ మీద కాఫీ తోటలుండేవి. కోడలు ఎర్రగా పండిన కాఫీ పళ్ళు కోసుకొచ్చి, ఎండబెట్టి, వేయించి, దంచి పొడి చేసేది. అత్తేమో సెనగపిండి కలిపి బజ్జీలు వేసేది. మిరపకాయ బజ్జీలు, అరటికాయ బజ్జీలు, వంకాయ బజ్జీలు. సాయంత్రమైతే చాలు, మూకుడులో నూనె కాగిన వాసన మలుపు అవతలికి వెళ్ళిపోయేది. అప్పుడు ఒక్కొక్క లారీ వచ్చి ఆగేది. డ్రైవర్లు బజ్జీలు తిని, కాఫీ తాగి, చీకటి పడకుండా కొండ దిగిపోయేవారు.

గంగులు కూడా లారీ డ్రైవరే. కొండ మీద కాఫీ గింజల బస్తాలు ఎక్కించుకుని కింద పట్నంలో దింపి వచ్చేవాడు.

ఏంటి, నీకూ బజ్జీ కావాలా? ఇప్పుడెక్కడివి? కళ్ళు మూసుకుని విను.

ఒక వానాకాలం సాయంత్రం గంగులు బస్తాలేసుకుని హోటలు దగ్గరికొచ్చాడు. ముందురోజు కూడా వాడికి నిద్ర లేదు. దారిలో చెట్టు పడితే దాన్ని తీసేదాకా లారీలోనే కూర్చున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది.

వాళ్ళమ్మకి జాలేసింది. ప్లేటు నిండా బజ్జీలు పెట్టింది. తిన్నాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు వేసింది.

"సాలమ్మా, ఇంక పట్టదు" అన్నాడు.

"ఏటి సాలు? పొద్దుట్నుంచి ఏటి తిన్నావని? తిను" అని ఇంకో రెండు వేసింది. అమ్మ పెడితే కాదంటాడా? అవీ తిన్నాడు. కాఫీ తాగాడు. బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాడు.

"అమ్మా, కళ్ళు మూతలు పడిపోతన్నాయే. కాసేపు తొంగుంటాను" అన్నాడు.

అప్పుడు ఎర్రయ్యమ్మ కొండ వైపు చూసింది. తెల్లగా మంచు దిగుతోంది. మంచు కమ్మితే రోడ్డు కనిపించదు.

"ఇప్పుడు తొంగుంటే మంచులో సిక్కుకుంటావు నాయనా. కిందకెల్లి తొంగుందువు గాని. ఎల్లు" అంది.

వాడు లేచాడు. లారీ ఎక్కాడు. వెళ్ళాడు.

మూడో మలుపు దగ్గర రోడ్డు ఎడమకి తిరుగుతుంది. లారీ తిరగలేదు. తిన్నగా వెళ్ళిపోయింది.

బ్రేకు పడలేదో, కునుకు పట్టిందో, ఎవరు చెప్తారమ్మా? చూసినవాళ్ళు లేరు. వెనకాల వస్తున్న సింహాద్రి అనే డ్రైవరు రోడ్డు అంచున విరిగిన పిట్టగోడ చూసి లోయలోకి దిగాడు. గంగుల్ని తనే భుజం మీద మోసుకొచ్చాడు. తీసుకొచ్చి హోటలు ముందు బెంచీ మీద పడుకోబెట్టాడు. ఇందాక వాడు కూర్చున్న బెంచీయే.

ఊఁ, చచ్చిపోయాడు. నీకు అబద్ధం చెప్పను.

ఆ తర్వాత హోటలు మూసేశారు. ఎర్రయ్యమ్మ నూనె మూకుడు తీసుకెళ్ళి పాక వెనక గోతిలో బోర్లించింది. నూనె మట్టిలో ఇంకిపోయింది. మళ్ళీ పొయ్యి దగ్గరికి రాలేదు. రోడ్డుకి వీపు పెట్టి ఒక మూల కూర్చునేది. ఎవరు పలకరించినా పలికేది కాదు.

కోడలు అన్నం పెట్టేది. ఆవిడ రెండు ముద్దలు తినేది. అంతే గాని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఒక్క పాక కిందే ఉన్నా వాళ్ళిద్దరి మధ్యా మాట చచ్చిపోయింది.

మరి ఎన్నాళ్ళని అలా కూర్చుంటారు? పొయ్యి వెలగాలి కదా. ఒకరోజు రత్నం పాక ఊడ్చింది. పొయ్యి అలికింది. కాఫీ పెట్టింది.

కాఫీతో పాటు ఏం పెట్టాలి? బజ్జీలా? సెనగపిండి డబ్బా మూత తీసింది. మళ్ళీ మూత పెట్టేసింది.

అప్పుడు ఆమె ఆలోచించింది. తిన్నవాడికి కునుకు రాకూడదు. ఆకలి తీరాలి, కడుపు బరువెక్కకూడదు. అలాంటిదేదైనా పెట్టాలి అనుకుంది.

మొదట సెనగలు నానబెట్టి, ఉడకబెట్టి, ఉప్పూ కారం చల్లి గుగ్గిళ్ళు చేసింది. డ్రైవర్లు చూశారు.

"ఏటి రత్నం, మమ్మల్ని గుర్రాలనుకున్నావా?" అని నవ్వారు. సగం తిని సగం వదిలేశారు.

ఆ తర్వాత మొక్కజొన్న పొత్తులు తెచ్చి నిప్పుల మీద కాల్చింది. నిమ్మచెక్కతో ఉప్పు రుద్ది ఇచ్చింది. బాగానే ఉన్నాయన్నారు. కానీ కాయ సీజను అయిపోయింది. పొత్తులు దొరకలేదు.

ఆ తర్వాత సంతకెళ్ళి మురీలు తెచ్చింది. మురీలంటే తెలుసుగా, మన మరమరాలే. నేను ఇవాళ కాఫీ తాగుతూ తిన్నానే, నువ్వు గుప్పిట్లో నింపుకుని గదంతా చల్లావే, అవే. వాటిలో ఉల్లిపాయ ముక్కలు, వేయించిన వేరుసెనగ గుళ్ళు వేసి కలిపింది. కానీ అవి మెత్తబడిపోయాయి. వానాకాలం గాలికి ఉత్తినే సాగిపోతాయి మరి. డ్రైవర్లు నోట్లో వేసుకుని మొహం అదోలా పెట్టారు.

అప్పటికి హోటలుకి కాస్త ఎగువన, తోటల దగ్గర ఎవరో కొత్తగా బజ్జీల బండి పెట్టారు. లారీలన్నీ అక్కడ ఆగడం మొదలెట్టాయి. రత్నం హోటలు ముందు నుంచి హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయేవి. రత్నం కాఫీ గిన్నె ముందు కూర్చుని వాటిని చూస్తూ ఉండేది. పొద్దుపోయాక కాఫీ పారబోసేది.

మళ్ళీ మరుసటి రోజు పెట్టేది. ఎందుకు పెట్టేదో? మానేస్తే ఆ మూలనున్న మనిషితో పాటు తనూ ఇంకో మూల కూర్చోవాలి. అందుకని పెట్టేదేమో.

ఇలా ఉండగా ఒక సాయంత్రం జోరున వాన. సింహాద్రి లారీ ఆగింది. గంగుల్ని మోసుకొచ్చాడు చూడు, ఆ సింహాద్రి. బజ్జీల బండి దగ్గర కడుపు నిండా తినేసి వచ్చాడు. కాఫీ మాత్రం ఇక్కడే తాగాలని ఆగాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రత్నం, గబగబా ఒక కాఫీ ఇయ్యమ్మా. కళ్ళు మూసుకుపోతన్నాయి. మంచు రాకుండా దిగిపోవాల" అన్నాడు.

మూలన కూర్చున్న ఎర్రయ్యమ్మ తల తిప్పింది.

లేచింది. గోడ పట్టుకుని లేచి, వానలోకి నడిచింది. వెళ్ళి లారీ ముందు నిలబడింది. తడిసి ముద్దయిపోతోంది.

సింహాద్రి పరిగెత్తుకెళ్ళాడు. "ఏటి పెద్దమ్మా, లోపలికి రా! జొరమొత్తాది!"

"నువ్వెల్లవు" అంది ఎర్రయ్యమ్మ. ఇన్నాళ్ళకి మొదటి మాట.

"మంచు దిగిపోతది పెద్దమ్మా."

"దిగనీ. నువ్వెల్లవు. ఆడూ ఇలాగే అన్నాడు. కళ్ళు మూతలు పడిపోతన్నాయమ్మా, తొంగుంటానన్నాడు. నానే పొమ్మన్నాను. నా సేత్తో కుక్కికుక్కి పెట్టి, నా నోటితో పొమ్మన్నాను."

అనేసి ఆ వానలోనే కూలబడిపోయింది.

అంతే, సింహాద్రి ఇంక లారీ ఎక్కలేదు. పెద్ద మనిషి, మీసాలున్న మనిషి, చిన్నపిల్లాడిలా వెళ్ళి పాకలో నులక మంచం మీద పడుకున్నాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే నిద్రపోయాడు. అంత నిద్ర ఉంది వాడి కళ్ళలో.

రత్నం అత్తని లోపలికి తీసుకొచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. పొడి చీర కప్పి, తల తుడిచింది.

అప్పుడు ఎర్రయ్యమ్మ అంది, "నీకు తెల్దు గాని కోడలా, నీ మొగుణ్ణి నానే..."

"తెలుసత్తా" అంది రత్నం.

ఎర్రయ్యమ్మ చూసింది.

"పాక ఎనకాల గళాసులు కడుగుతన్నాను. ఆయనన్నదీ విన్నాను. నువ్వన్నదీ విన్నాను. మంచు దిగుతంది, ఎల్తేనే మంచిదని నానూ అనుకున్నాను. కడిగిన గళాసు కింద పెట్టి, ఉండిపోమని ఒక్క మాట అంటే సరిపోయేది. అన్లేదు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. మంచం మీద సింహాద్రి గురక పెడుతున్నాడు.

ఆ మాటతో ఏమైనా తేలికైందా అంటావా? లేదమ్మా. గంగులు రాలేదు, రాడు. కానీ ఇన్నాళ్ళూ ఒక్కొక్కరే మోస్తున్నది, ఆవేళ ఇద్దరి మధ్యా దింపారు. అంతే జరిగింది.

కాసేపటికి ఎర్రయ్యమ్మ మురీల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఒక గింజ నోట్లో వేసుకుంది.

"సాగిపోనాయి" అంది.

"వానకత్తా. ఏం సెయ్యమంటావు?"

"వట్టి మూకుట్లో ఏపాల. నూనె ఎయ్యకూడదు."

గోతిలో బోర్లించిన మూకుడు తెమ్మనలేదు. రత్నం మట్టి మూకుడు తెచ్చింది. ఎర్రయ్యమ్మ పొయ్యి మీద పెట్టి, సెగ తగ్గించి, మురీలు పోసి, చేత్తోనే అటూ ఇటూ కలిపింది. మురీలు గలగలమన్నాయి. కరివేపాకు రెబ్బ, వేరుసెనగ గుళ్ళు కూడా అలాగే వేయించింది. పచ్చిమిరపకాయ సన్నగా తరిగింది. నిమ్మకాయ మాత్రం ముందు పిండలేదు. తినేవాడి చేతికిచ్చే ముందు పిండాలంది. అప్పుడే కరకరమంటాయట.

చేస్తున్నంతసేపూ ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు. పని ఆపలేదు.

బాగా పొద్దుపోయాక సింహాద్రి లేచాడు. మొహం కడుక్కున్నాడు. ఎర్రయ్యమ్మ గుప్పెడు మురీలు కాగితంలో పోసి, నిమ్మచెక్క పిండి చేతికిచ్చింది. రత్నం వేడి కాఫీ ఇచ్చింది. వాడు నిలబడే తిన్నాడు, తాగాడు. ఇంకొంచెం పెట్టమని అడిగాడు.

ఎర్రయ్యమ్మ ఇంకొంచెం పెట్టలేదు.

"సాలు. కిందకెల్లాక అన్నం తిందువు గాని" అంది.

వాన వెలిసింది. మంచు కొంచెం పలచబడింది. సింహాద్రి లారీ కదిలింది. అత్తాకోడళ్ళు రోడ్డు అంచుకొచ్చి నిలబడ్డారు. అక్కడ నుంచి చూస్తే కిందికి రోడ్డు మొత్తం కనిపిస్తుంది. లారీ వెనక ఎర్ర దీపం ఒక మలుపు తిరిగింది. కొండ చాటుకెళ్ళి మళ్ళీ కనిపించింది. రెండో మలుపు తిరిగింది. మూడో మలుపు దగ్గర ఎర్రయ్యమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

దీపం ఎడమకి తిరిగింది.

ఆ తర్వాత హోటల్లో కాఫీ, గుప్పెడు మురీలు, ఒక నులక మంచం. అంతే పెట్టేవారు. ఎర్రయ్యమ్మ వచ్చిన ప్రతి డ్రైవరు మొహాన్నీ దగ్గరగా చూసేది. కళ్ళు ఎర్రగా ఉంటే మంచం చూపించేది. కొందరు పడుకునేవారు. కొందరు నవ్వి వెళ్ళిపోయేవారు. చాలామంది అసలు ఆగేవారే కాదు. పైన బజ్జీల బండి దగ్గర తిని తిన్నగా దిగిపోయేవారు.

ఆగినా ఆగకపోయినా, లారీ వెళ్ళిన ప్రతిసారీ ఇద్దరూ రోడ్డు అంచుకొచ్చి నిలబడేవారు. దీపం కింద పొలాల్లో కలిసిపోయేదాకా చూసేవారు. ఆఖరి లారీ దిగాకే వాళ్ళు అన్నం పెట్టుకునేవారు.

ఏంటమ్మా? ఆ లారీలన్నీ చేరాయా అంటావా?

ఆవేళ సింహాద్రిది చేరింది తల్లీ. మిగతావి... వాళ్ళు చూస్తూనే ఉన్నారు. కొంగు నిండా కప్పుకుని, ఆ చలిలో నిలబడి చూస్తూనే ఉన్నారు. ఇలా రా, దుప్పటి లాక్కో.

గలగల మురీలు గుప్పిట్లో,
ఘుమఘుమ కాఫీ గళాసులో,
ఎర్రని దీపం కొండల్లో,
చల్లని మంచు దారుల్లో,
కథ వెళ్ళింది కంచి తోవలో,
మనమున్నాం మన పక్కలో.