తొలిముద్ద తల్లి పుట్ట

ముసురుకొండ తూర్పు వాలులో తొలిముద్ద తల్లి సన్నిధి ఉంది. గోపురం లేదు, విగ్రహం లేదు. నడుమెత్తు చెదపుట్ట, దాని పక్కన రాళ్ల పొయ్యి, అంతే. భక్తులు వానలో రావలసిన క్షేత్రం ఇది. చుట్టూ మద్దిచెట్లు కారుతూ ఉంటాయి, కాలిబాట వాగై పారుతూ ఉంటుంది, పుట్ట నెత్తిన మట్టి మాత్రం పొడిగా ఉంటుంది. పైన కొమ్మ లేదు, కప్పు లేదు. చెయ్యి పెట్టి చూసినవారు పొడి వేళ్లతో వెనక్కి తీసుకుంటారు.

పూర్వం ఇక్కడ, కొండ దిగువన, వానలు పడేసరికే గాదెలు ఖాళీ అయ్యే పల్లె ఒకటి ఉండేది. విత్తనాలు మట్టిలోకి పోయాక పంట చేతికి వచ్చేదాకా ఆ ఊరిని బతికించినవి పుట్టగొడుగులే. ఉరుము ఉరిమిన మర్నాడు ఆడవాళ్లు గంపలతో కొండెక్కేవారు. ఏరేది, కడిగేది, వండేది వారే. తినడం మాత్రం అందరి తర్వాత. ఒక్క పుట్టగొడుగుల కూరకు ఈ వరస తిరగబడేది. ఆ రోజు ఇంటి కొత్తకోడలిని ముందు కూర్చోబెట్టేవారు. తొలిముద్ద ఆమెది. ఆమె మింగాక మామగారు ఒక తమలపాకు నమిలేంతసేపు ఆగి, ఆమె పడిపోకపోతే విస్తరి వేయించుకునేవాడు. దీన్ని కోడలికి చేసే గౌరవం అనేవారు. ఇటువంటి గౌరవం మామగారికి చేయాలని మాత్రం ఆ ఊళ్లో ఎవరికీ తోచలేదు.

ఊరిపెద్ద పోలినాయుడి చిన్నకోడలు దాలమ్మ అలాగే తొలిముద్ద తిన్నది. తమలపాకు నమలడం పూర్తికాకముందే ఎద్దు ఒకటి తాడు తెంపుకుని వచ్చి కుండ తన్నేసింది. ఆ పూట ఇంకెవరూ తినలేదు. దాలమ్మ సాయంత్రం దాకా పాడుతూ తిరగలిలో చోళ్లు విసిరింది. తెల్లారేసరికి వాంతులు పట్టుకున్నాయి. మరునాటికి పోయింది. దాని రాత అంతే అన్నారు. ఎద్దుకు బొట్టు పెట్టి దండ వేశారు. తమలపాకు గడువు ఎందుకూ పనికిరాదని, ఎద్దు రాకపోతే ఆమె పాట వింటూనే ఇంటిల్లిపాదీ విషం తినేవారని ఒక్కరూ ఆలోచించలేదు. ఆచారం మారలేదు, కోడలు మారింది.

ఏడాది తిరగకుండా ఆ చిన్నకొడుక్కే అప్పలకొండనిచ్చి పెళ్లి చేశారు. దాలమ్మ వెండి కడియాలు ఆమె కాళ్లకు తొడిగారు. మళ్లీ ఉరుములు వచ్చేసరికి ఆమెకు ఐదో నెల. అత్త పారమ్మ మోకాళ్ల నొప్పితో కదల్లేక గంప ఆమె చేతికిచ్చింది. అప్పలకొండ పుట్టిల్లు చేపల ఊరు. ఏ గొడుగు మంచిదో, ఏది చెడ్డదో ఆమెకేం తెలుసు? ఈ పుట్ట దగ్గరకు వచ్చి చూస్తే పుట్ట నిండా తెల్లగొడుగులు. పక్కన చెట్టు కిందా తెల్లగొడుగులే. ఆమె కూలబడి ఏడ్చింది.

తలెత్తేసరికి పుట్ట మీద ఒక స్త్రీ కూర్చుని ఉంది. కుండపోత వానలో ఆమె జుట్టు పొడిగా ఉంది.

“ఏమే చెల్లీ, ఈ వాన చాల్దనా, నువ్వూ కురుస్తున్నావు?”

“ఏది తీస్తే బతుకుతానో తెలీదక్కా. ముందు తినాల్సింది నేనే.”

“మీ మావకి నోరు లేదేటి?”

అంత భయంలోనూ అప్పలకొండకు నవ్వొచ్చింది. “ఉంది. కసరడానికి.”

ఆమె దిగివచ్చింది. పుట్ట మీది గొడుగును మెల్లగా తిప్పి లాగితే, తోకలాంటి పొడుగాటి వేరు పుట్ట లోతుల్లోంచి వచ్చింది. చెట్టు కిందిదాని మొదట్లో మన్ను తీస్తే, తెల్లటి గుడ్డుపెంకులాంటి గిన్నె కనిపించింది.

“ఇది నా ఇంటిది. అది నన్ను తిన్నది,” అన్నది ఆమె. తర్వాత అప్పలకొండ పాదాలకేసి చూసి, “ఆ కుడికాలి కడియం కరుస్తది. ఆముదం రాసుకో,” అన్నది.

అప్పలకొండ వంగి కాలు చూసుకుంది. కడియం కింద చర్మం ఒరుసుకుపోయి ఉంది. తలెత్తితే ఎవరూ లేరు. కొండంతా వాన. ఆ ఒక్క పుట్ట మీద మాత్రం, ఎవరో గొడుగు పట్టినట్టు, వాన రెండుగా చీలి కిందికి జారుతోంది.

ఇంట్లో కూర ఉడికింది. పోలినాయుడు తమలపాకుకు సున్నం రాస్తూ కూర్చున్నాడు. “కూకో అమ్మీ, తొలిముద్ద తిను.”

“తింటాను మావా. కానీ ఆకు నమిలితే చాలదు. దాలమ్మక్క తిన్న పూట పాడింది, మూడోనాటికి పోయింది. నేను ఏరినదాని మీద నమ్మకముంటే నాతోపాటు చెయ్యి పెట్టండి. లేదంటే ఎల్లుండి దాకా పస్తుండండి.”

“మావకి ఎదురు చెప్తావా!”

“ఎదురెక్కడ మావా, పక్కన కూకోమంటున్నాను.”

పారమ్మ గదమాయించింది. “ఎవురు నేర్పారే నీకీ మాటలు?”

“కుడికాలి కడియం కరుస్తదని చెప్పిన మనిషే.”

ముందటేడు దాలమ్మ కుడికాలికి ఆముదం రాసింది పారమ్మే. మోకాళ్లు పట్టుకుని లేచి, కోడలి పక్కన కూర్చుని, అదే విస్తరాకులో చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఒక్కసారే తిన్నారు. పోలినాయుడు తమలపాకు పక్కన పెట్టాడు. ఆయనా వచ్చి కూర్చున్నాడు. ఆ కుండలోది ఊరందరికీ వడ్డించినా అడుగు కనబడలేదు. మూడోనాడు అందరూ నిక్షేపంగా ఉన్నారు. అప్పుడు అప్పలకొండ వెంట ఊరు ఊరంతా కొండెక్కి, పొడిగా ఉన్న పుట్ట ముందు సాగిలపడింది.

ఆమె ఆదిశక్తి అంశ అని పండితులు అంటారు. దాలమ్మేనని ఆడవాళ్లు అంటారు. పుట్ట ఎవరినీ కాదనలేదు.

నేటికీ తొలి ఉరుముల తర్వాత ఇక్కడ పొయ్యి వెలుగుతుంది. ప్రతి గొడుగునూ వేరుతో సహా తెచ్చి, ఎరిగిన ఆడవాళ్లకు చూపాలి. వేరు తెగినది కుండలోకి పోదు. సన్నిధికి తమలపాకు తేకూడదు. ఏరినామె, ఇంటి పెద్దాయన ఒకే విస్తరాకులో ఒకేసారి చెయ్యి పెట్టాలి. నిరుడు ఒక పెద్దమనిషి అది తన మర్యాదకు తగదన్నాడు. ఆయన పస్తుండి కొండ దిగాడు. కొత్తకోడళ్లు కుడిపాదానికి ఇక్కడి ఆముదం రాసుకుంటే తల్లి చల్లగా చూస్తుందని నమ్మకం.

ముద్ద నోటికి పోయేముందు అందరూ పుట్టవైపు తిరిగి, “దాలమ్మా, కలిసే తింటున్నాం” అంటారు. ఆ మాటకు కొండమీద వాన ఒక్క క్షణం ఆగుతుంది. యాత్రికులు ఆ నిశ్శబ్దం విని వెళ్లాలి.