మంగళవారం కూర

అనగనగా ఒక ఊళ్ళో, కొండకీ సముద్రానికీ మధ్య, ఒక యూనివర్సిటీ ఉండేదిరా చిట్టీ. ఇందాక వంకాయ ముద్ద పక్కకి తోసేశావుగా, అందుకని వంకాయ కథే చెబుతున్నాను. కళ్ళు మూసుకుని విను.

ఆ ఊరికి కామేశం అనే పిల్లాడు చదువుకోడానికొచ్చాడు. ఇంటి దగ్గర గడవని వాడు. ఆ రోజుల్లో అలాంటి పిల్లలు వారాలు చేసుకునేవాళ్ళు. అంటే సోమవారం ఒకరింట్లో భోజనం, బుధవారం ఇంకొకరింట్లో, అలా వారమంతా గడవాలి. కామేశానికి అన్ని రోజులకీ ఇళ్ళు దొరికాయి, ఒక్క మంగళవారానికే దొరకలేదు. మంగళవారం ఎవరో పెడుతున్నార్లే అని ప్రతి ఇల్లాలూ అనుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడా, నోరు విప్పడు.

ఆ రోజు ఎవరైనా "తిన్నావురా?" అంటే "తిన్నానండి" అనేవాడు. "ఏం కూర?" అంటే "గుత్తివంకాయ" అనేవాడు. ఎలాగూ లేని కూరే కదా, మంచిదే చెప్పుకుందాం అని. అప్పుడు కడుపునిండా మంచినీళ్ళు తాగి పుస్తకం ముందు కూర్చునేవాడు.

ఆ తర్వాత చదువైంది, పెద్ద ప్లీడరయ్యాడు, పెళ్ళయింది, జుట్టు నెరిసింది. పిల్లాజెల్లా లేరు. అప్పుడు కామేశం గారు తన జీడితోట అమ్మేసి ఆ సొమ్ము యూనివర్సిటీకిచ్చారు. అసలు ముట్టుకోకుండా, వడ్డీతో ఏటా ఒకరికి చదువూ తిండీ జరగాలన్నారు. మొదటి ఏడు ఎవరికివ్వాలో తానే చూస్తానన్నారు.

ముగ్గురొచ్చారు. మొదటివాడు కష్టాలన్నీ ఎక్కాల్లా అప్పజెప్పాడు. రెండోవాడు ఎవరో పెద్దమనిషి చేత చెప్పించుకుని వచ్చాడు. మూడోది పైడితల్లి, కొండకింద పల్లె పిల్ల. ఈసారి ఫీజు కట్టకపోతే చదువు మానేసి ఇంటికెళ్ళిపోవాలి. ఆ సంగతి కూడా వాళ్ళ మాస్టారు చెప్పిందే.

"నీకేం ఇబ్బందమ్మా?" అని పక్కనున్న ఆఫీసరు అడిగాడు.

"ఏటీ లేదండి," అంది పైడితల్లి.

లేనప్పుడు ఎందుకివ్వాలన్నాడు ఆఫీసరు, వెళ్ళి రమ్మన్నాడు. ఆ పిల్ల దండం పెట్టి గుమ్మం దాకా వెళ్ళింది.

అప్పుడు కామేశం గారు వెనక్కి పిలిచారు. "భోంచేశావా తల్లీ?"

"తిన్నానండి."

"ఏం కూర?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "గుత్తొంకాయండి," అంది.

ఆయనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తిన్న కూర చెప్పడానికి ఎవరూ అంతసేపు ఆలోచించరండీ. ఈ పిల్లకే రాయండి," అన్నారు.

ఆ తర్వాత పైడితల్లిని ఇంటికి తీసుకెళ్ళి, భార్యతో చెప్పి నిజంగానే గుత్తివంకాయ వండించారు. ఆ పిల్ల చాలండి అంది, వడ్డించారు. చాలండి అంది, మళ్ళీ వడ్డించారు. మూడోసారి చాలని అనలేదు, కంచం ముందుకి జరిపింది. ఆ రోజు ఏ వారమంటావా? మంగళవారమే.

కామేశం గారు ఇప్పుడు లేరు. ఆ స్కాలర్‌షిప్పు మాత్రం ఏటా ఒకరికి అందుతూనే ఉంది. దానికి ఆయన పేరు పెట్టుకోలేదు. మంగళవారం అనే పెట్టారు.

కథేమో కంచికి, కూరేమో కంచానికి,
మనమేమో ఇంటికి, నిద్రేమో కంటికి.