యూలిన్ నిలబడిన వైపు

సాధనలో హాన్‌వేకి జతగా నిలబడేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు.

మొదట కమ్మరి కొడుకు మానేశాడు. మోచెయ్యి వాచిపోయి పది రోజులు సుత్తి పట్టలేకపోయాడు. తర్వాత రేవు నుంచి వచ్చే అన్నదమ్ములిద్దరూ ఏవో పనులున్నాయని చెప్పి కనబడకుండా పోయారు. చివరికి మిగిలినవాడు పెంగ్. పీపాలు చేసుకుని బతికేవాడు, నలభై దాటిన మనిషి, ఆ శీతాకాలంలోనే కొత్తగా చేరాడు. ఒళ్ళు బరువు, నడక నిదానం, ఓర్పు మాత్రం ఆ తీరం మీద ఇంకెవరికీ లేనంత. ఆ ఓర్పు కూడా ఒక పొద్దున అయిపోయింది. హాన్‌వే వేళ్ళు సూటిగా వచ్చి అతని గొంతు కింద గుంటలో దిగాయి. పెంగ్ ఇసకలో చతికిలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే చాలాసేపు దగ్గాడు.

"నా వల్ల కాదు తమ్ముడూ," అన్నాడు లేచి ఇసక దులుపుకుంటూ. "నీ మీద కోపం లేదు. రేపట్నించి మాత్రం రాను."

హాన్‌వే తల ఊపాడు. తన తప్పేమిటో అతనికి తెలియలేదు. ఆరేళ్ళుగా ఆ దెబ్బ అలాగే కొడుతున్నాడు. అదే వేగం, అదే బలం. పాత జత యూలిన్‌కి ఒక్కసారైనా తగల్లేదే!

వాళ్ళకు విద్య నేర్పేది చూయ్ అనే ముసలావిడ. అందరూ గురువమ్మ అనేవారు. కొండ కింద, సముద్రం ఒడ్డున ఆమె ఇల్లు. సముద్రపు పాచి ఏరి, ఎండబెట్టి, మోపులు కట్టి అమ్ముకునేది. పాచి ఆరేసే ఇసకలోనే ఒక పక్క సాధన జరిగేది. అందుకే అక్కడ చేరినవాళ్ళందరి బట్టలకూ ఉప్పు వాసన.

ఆ విద్య గొల్లభామ పురుగు ముందుకాళ్ళను చూసి పుట్టిందంటారు. చూపుడువేలూ బొటనవేలూ కలిపి, మణికట్టు కొక్కెంలా వంచాలి. ఎదుటివాడి చెయ్యి దానితో తగిలించి లాగాలి. లాగుతూనే రెండో చేత్తో కొట్టాలి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే జత సాధనలో పన్నెండు పట్లు ఉంటాయి. మొదటి వైపు వాడు మీదికి వస్తాడు, రెండో వైపు వాడు కాచుకుంటాడు. ఆరేళ్ళపాటు హాన్‌వేది మొదటి వైపు. యూలిన్‌ది రెండో వైపు.

యూలిన్ పడవ మీద పనిచేసేవాడు. తెల్లారగట్ల సాధన, తర్వాత వేట. పోయిన శరత్కాలంలో ఒక సాయంత్రం పడవ తిరిగొచ్చింది. వలలు వచ్చాయి, తోటివాళ్ళు వచ్చారు. యూలిన్ రాలేదు.

పెంగ్ వెళ్ళిపోయిన మర్నాటి నుంచి హాన్‌వే ఒక్కడే సాధన చేశాడు.

ఆ తీరంలో వేసవి మొదట్లో నెల్లాళ్ళపాటు పొగమంచు పడుతుంది. పొద్దున లేచి చూస్తే సముద్రం ఉండదు, కొండ ఉండదు. రేవులో పడవలకు దారి చెప్పడానికి కొట్టే గంట మాత్రం ఎక్కడి నుంచో వినబడుతూ ఉంటుంది, ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమ నుంచి. ఆ తెల్లదనంలో హాన్‌వే తన చోట నిలబడి చేతులెత్తేవాడు. మొదటి పట్టు. రెండో పట్టు. మూడు, నాలుగు అయ్యేసరికి ఎదుట ఎవరో ఉన్నట్టే ఉండేది. మంచు కదిలితే భుజం కదిలినట్టుండేది. తన మణికట్టు కొక్కెంలోకి చల్లని మణికట్టు ఒకటి, తడిగా, వచ్చి తగులుకున్నట్టుండేది. అతను లాగేవాడు, అది వచ్చేది. తొమ్మిదో పట్టులో వేళ్ళు బాణంలా వదిలేవాడు. అవి మంచును చీల్చుకుని వెళ్ళి, ఎవరినీ తాకకుండా ఆగేవి.

ఎప్పటిలాగే, అనుకునేవాడు. గుండె నిండిపోయేది. కాసేపటికి ఎండ వచ్చి ఒడ్డు తేటపడేది. తడి ఇసకలో ఒక్కడి అడుగులే ఉండేవి.

అలా పన్నెండు రోజులు గడిచాక అతను గురువమ్మ దగ్గరకు వెళ్ళాడు. ఆమె వంగి, ఆరేసిన పాచిని ఒక్కొక్క పట్టీ తిరగేస్తోంది.

"అమ్మా, నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను."

"ఎక్కడికి?"

"కొండ అవతల పట్నంలో ధాన్యం కొట్లకు కాపలా మనుషులు కావాలంటున్నారు."

ఆమె ఇంకో పట్టీ తిరగేసింది. హాన్‌వే కూడా వంగి పక్క వరస అందుకున్నాడు. ఊరికే నిలబడి ఆమెతో మాట్లాడటం ఎవరికీ అలవాటు లేదు.

"ఇక్కడ నాకు జత లేదమ్మా. ఎవరూ నా చేతికి ఆగడం లేదు. నేను మెల్లగా కొడితే విద్య పోతుంది. గట్టిగా కొడితే మనిషి పోతాడు. యూలిన్‌లాంటివాడు ఇంకొకడు ఉంటే చెప్పండి, ఉండిపోతాను."

"రోజూ పొగమంచులో ఎవరితో చేస్తున్నావు?"

హాన్‌వే చేతులు ఆగాయి. ఆమె చూసిందని అతనికి తెలీదు. అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు.

"యూలిన్‌తో," అన్నాడు మెల్లగా.

గురువమ్మ నవ్వలేదు. పక్కింటివాళ్ళ యోగక్షేమం అడిగినట్టు అడిగింది.

"బాగా చేస్తున్నాడా?"

"ఎప్పటిలాగే చేస్తున్నాడమ్మా."

"సరే. రేపు నేనూ వస్తాను."

మర్నాడు మంచు మరీ దట్టంగా ఉంది. హాన్‌వే తడుముకుంటూ వచ్చేసరికి తన చోట ఎవరో నిలబడి ఉన్నారు. దగ్గరికి వెళ్తే గురువమ్మ. చేతులు మడుచుకుని, చలికి భుజాలు దగ్గరికి లాక్కుని నిలబడి ఉంది. పొట్టి మనిషి, ఆ మంచులో ఇంకా పొట్టిగా ఉంది.

"అమ్మా, అది నా చోటు."

"అవును."

"మరి నేను?"

ఆమె గడ్డంతో ఎదురు వైపు చూపించింది.

హాన్‌వే అటు చూశాడు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అతను అక్కడ నిలబడలేదు. ఒక్కసారి నిలబడమని యూలిన్ అడిగాడు. పడవ అతను లేకుండా తిరిగొచ్చిన రోజుకు నాలుగు రోజుల ముందు. సాధన అయిపోయి, ఇద్దరూ ఒకే చెంబులో నీళ్ళు తాగుతుంటే, "ఒక్కసారి వైపులు మార్చుకుందామా?" అన్నాడు. "కొట్టడం నీకెందుకురా, చేపలతో యుద్ధానికి పోతావా?" అని హాన్‌వే నవ్వాడు. యూలిన్ కూడా నవ్వేశాడు. తర్వాత నాలుగు రోజులూ మామూలుగానే చేశారు. యూలిన్ మళ్ళీ అడగలేదు.

"నాకు ఆ వైపు రాదమ్మా," అన్నాడు హాన్‌వే.

"చూశావుగా ఆరేళ్ళు."

అతను వెళ్ళి నిలబడ్డాడు. ఇసక చల్లగా ఉంది. గురువమ్మ చెయ్యెత్తింది.

మొదటి పట్టు. అతని చెయ్యి దానంతటదే లేచింది. ఎదురుగా చూసి చూసి కళ్ళకు వచ్చిన కదలికలు ఒంటికి కూడా తెలిసే ఉన్నాయి. రెండు, మూడు, నాలుగు. ఆమె మెల్లగా లేదు. అరవై ఎనిమిదేళ్ళ చేతులు సన్నని తాళ్ళలా వచ్చి చుట్టుకుంటున్నాయి, వదులుతున్నాయి. ఎనిమిదో పట్టు దాకా బాగానే వెళ్ళింది. తొమ్మిదో పట్టులో ఆమె కొక్కెం అతని మణికట్టుకు తగులుకుంది. ఎడమ చెయ్యి మోచేతి కింద పడింది. లాగింది. హాన్‌వే వెనక్కి వంగాడు. కొక్కెం వదిలిన ఆమె కుడిచేతి వేళ్ళు వచ్చి గొంతు మీద పడ్డాయి.

కొంచెం గట్టిగానే పడ్డాయి. అతనికి ఊపిరి ఆగినంత పనైంది.

"మళ్ళీ," అంది గురువమ్మ.

రెండోసారి పక్కకు తప్పుకోబోయాడు. మోచెయ్యి ఆమె పట్టులో ఉంది, ఎటు తప్పుకుంటాడు? మూడోసారి చేత్తో అడ్డుకోబోయాడు. ఆ చెయ్యి ఎప్పుడో దొరికిపోయింది. నాలుగోసారి, ఐదోసారి. గొంతు మండుతోంది. ఆమె ఏమీ చెప్పడం లేదు. మొదటి నుంచి మొదలుపెడుతోంది, తొమ్మిది దాకా వస్తోంది, కొడుతోంది.

రేవులో గంట మోగింది. ఎక్కడో పైన సూర్యుడు తెల్లగా, పాలలో వేసిన పళ్ళెంలా ఉన్నాడు. ఎన్నోసారో లెక్క తప్పింది. ఎదుట ఉన్నది గురువమ్మ ముఖమో, తన ముఖమో తెలియకుండా పోయింది. యూలిన్‌కి రోజూ ఇక్కడి నుంచి కనబడింది ఇదే కదా, అనిపించింది. ఇంత వేగంగా మీదికి వచ్చే ఈ ముఖమే.

మరి వాడు ఏం చేసేవాడు?

గుర్తు తెచ్చుకుందామంటే యూలిన్ చేతులు గుర్తుకు రాలేదు. జుట్టు వాసన గుర్తొచ్చింది. తొమ్మిదో పట్టులో ఎప్పుడూ ఆ వాసన వచ్చేది, ఉప్పూ నువ్వుల నూనే కలిసిన వాసన. యూలిన్ నుదురు వచ్చి తన భుజానికి ఆనినంత పనయ్యేది. తన లాగుడుకు తూలాడనుకునేవాడు హాన్‌వే. 'ఎంత బలంగా లాగాను!' అని లోపల్లోపల సంతోషపడేవాడు కూడా.

గురువమ్మ కొక్కెం తగులుకుంది. ఎడమ చెయ్యి మోచేతి కింద పడింది. ఈసారి ఆమె లాగకముందే, కొక్కెం వదిలిన వేళ్ళు ఇంకా ఆమె నడుము దగ్గర ఉండగానే, హాన్‌వే ముందుకు అడుగు వేశాడు. గొంతు ఎత్తి, నేరుగా ఆ దెబ్బలోకే.

ఆమె వేళ్ళు అతని చెవి పక్కనుంచి జారిపోయాయి. చెయ్యి చాచడానికి చోటు లేక దెబ్బ దెబ్బ కాకుండానే ఆగిపోయింది. అతని నుదురు ఆమె భుజాన్ని తాకింది. చూస్తే తన కుడి అరచెయ్యి ఆమె పక్కటెముకల మీద ఆని ఉంది. కింద ముసలి గుండె కొట్టుకోవడం తెలుస్తోంది. అక్కడి నుంచి ఎంత గట్టిగానైనా నెట్టవచ్చు. కొట్టవచ్చు. యూలిన్ అరచెయ్యి కూడా రోజూ ఇక్కడే, ఇంతే తేలిగ్గా ఆనేది.

ఆరేళ్ళు. రోజుకు ముప్ఫైసార్లు, నలభైసార్లు. కొంచెం ఆలస్యమైనా గొంతు పగిలేది.

హాన్‌వే పదో పట్టుకు కదల్లేదు. గురువమ్మ తొందరపెట్టలేదు. అతను ఆ చెయ్యి అక్కడే ఉంచి అడిగాడు.

"ఇది మీరు నేర్పారా అతనికి?"

"నేను వెనక్కి జరగమని నేర్పాను," అంది గురువమ్మ. "నీతో చేస్తే వెనక్కి జరిగేంత సమయం ఉండదు. ఏదో దారి వెతుక్కున్నాడు."

"నాకు చెప్పలేదమ్మా."

ఆమె అతని చెయ్యి మెల్లగా తీసి, దాని మీదున్న ఇసక తుడిచింది. "పాచి తిరగేయాలి," అని మంచులోకి వెళ్ళిపోయింది. హాన్‌వే ఆ వైపే, యూలిన్ వైపే, ఇసకలో కూర్చున్నాడు. పొగమంచు విడిపోయి, సముద్రం కనబడి, పడవలు ఒక్కొక్కటే బయలుదేరేదాకా లేవలేదు.

ఆ రోజే అతను పెంగ్ పీపాల కొట్టుకు వెళ్ళాడు. పెంగ్ ఒక పీపాకు ఇనప పట్టీ బిగిస్తున్నాడు. మెడ కింద కమిలిన మచ్చ ఇంకా పచ్చగా ఉంది. హాన్‌వేను చూసి సుత్తి పక్కన పెట్టాడు.

"పెంగ్ అన్నా, రేపు పొద్దున రా."

"మళ్ళీ కొట్టించుకోవడానికా?" అని నవ్వాడు పెంగ్. కానీ చెయ్యి మెడ మీదికి పోయింది.

"కాదు. నువ్వు కొట్టు. నేను కాచుకుంటాను."

పెంగ్ అతని ముఖంలోకి చూశాడు. "పట్నం పోతున్నావని విన్నానే?"

"పోవడం లేదు."

పెంగ్ వచ్చాడు. మొదటి వైపు నిలబడటం అతనికి కొత్త. ఏ చెయ్యి ముందో మరిచిపోయి రెండుసార్లు మళ్ళీ మొదలుపెట్టాడు. మూడోసారి తొమ్మిదో పట్టు దాకా వచ్చి, చెమటలు కక్కుతూ వేళ్ళు వదిలాడు. హాన్‌వే ముందుకు వెళ్ళాడు. కాస్త ఆలస్యంగా వెళ్ళాడు. పీపాలు బిగించే ఆ వేళ్ళు వచ్చి దవడ మీద తగిలాయి. పెదవి చిట్లింది.

"అయ్యో, తమ్ముడూ!"

"ఏం కాలేదు. నీ దెబ్బ బాగుంది. ఇంకా గట్టిగా రా."

"ఈ వైపు నీకెవరు నేర్పారు? ముందుకొచ్చి తగిలించుకోవడం ఎక్కడా చూడలేదు నేను."

హాన్‌వే పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. శరత్కాలం నుంచి ఆ పేరు అతను ఒక్క గురువమ్మ దగ్గరే పలికాడు.

"యూలిన్ అని," అన్నాడు. "పడవ మీద పనిచేసేవాడు. నవ్వు ఎక్కువ. నీకు చెప్తాను, ముందు ఇది కానీ."

పెంగ్ చేతులెత్తాడు. అప్పటికి గురువమ్మ తడి పాచి తట్ట నడుముకు ఆనించుకుని ఒడ్డు నుంచి వస్తోంది. వాళ్ళ పక్కన ఒక్క క్షణం ఆగింది. మంచులో తట్ట నుంచి నీళ్ళు బొట్లుగా కారుతున్నాయి. పెంగ్ కొక్కెం తగులుకుంది, బరువుగా, తడబాటుగా.

"హాన్‌వే," అంది ఆమె. "ఇంకొంచెం దగ్గరికి."

అతను వెళ్ళాడు.