తొండ గొంతు కాలిన కథ

ఒకప్పుడు తొండకు గొంతు ఉండేది.

ఇప్పుడు మీరు చూసే తొండ కంచె మీద కూర్చుని తల ఊపుతుందే తప్ప కిక్కురుమనదు. అప్పట్లో అలా కాదు. తొండ కేకేస్తే గోదావరి ఈ ఒడ్డున పడవ కట్టేవాడికీ వినిపించేది, ఆ ఒడ్డున బట్టలుతికే ఆవిడకీ వినిపించేది. దాని మెడ ఎర్రగా కూడా ఉండేది కాదు. ఒళ్లంతా ఎండుగడ్డి రంగు, మెడా అదే రంగు.

ఆ గోదావరి మధ్యలో ఒక లంక ఉండేది. లంక అంటే ఏమిటి? చుట్టూ నీళ్లు, మధ్యలో ఒండ్రు నేల. పొగాకు బాగా పండే నేల. ఆ లంక ఎగువ కొసన ఒక తాటిమొద్దు పాతి ఉండేది. దాని మీదికెక్కితే నది వచ్చే దారంతా కనిపిస్తుంది. అక్కడ కూర్చుని, వరదను ముందుగా చూసి కేకెయ్యడమే కావలివాడి పని.

ఇక్కడొక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. మన నెత్తిన వాన పడితేనే వరద వస్తుందనుకుంటే పొరపాటు. వాన ఎక్కడో ఎగువన, అడవుల్లో కురుస్తుంది. ఇక్కడ ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంటుంది. ఆ ఎండలోనే నీళ్లు వచ్చి పడతాయి. అందుకే కావలివాడి కేక లేకపోతే లంకకు దిక్కులేదు. కేక వినగానే కుందేళ్లూ కౌజుపిట్టలూ పిల్లల్ని వెంటేసుకుని మెరక మీదికి పరిగెత్తేవి.

చాలా ఏళ్లు ఆ పని ఉడుము పెదనాన్న చేశాడు. చూపు మందగించాక తొండను పిలిచాడు.

"ఒరే అబ్బాయ్, నా కళ్లు పోయాయి. నీ గొంతు బాగుంది. ఇక మొద్దు నీది" అన్నాడు.

తొండ ఎగిరి గంతేసినంత పని చేశాడు. కానీ పెదనాన్నకు దక్కిన మర్యాద తనకు దక్కలేదనిపించింది. సాయంత్రమైతే పెదనాన్న తన బొరియ ముందు కూర్చుని మట్టి చిలుం వెలిగించేవాడు. అందరూ చుట్టూ చేరేవారు. పొగ సన్నగా లేస్తుంటే ఆయన నెమ్మదిగా పాత వరదల సంగతులు చెప్పేవాడు. తొండ చుట్టూ ఎవరూ చేరేవారు కాదు.

పైగా జెముడుకాకి ఒకత్తె ఉండేది. నోరు ఊరుకోదు.

"తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని విన్నాను గానీ, ముదరకముందే పెద్దమనిషి అవుతుందని వినలేదమ్మా!" అంది ఒకరోజు, అందరూ వినేలా.

కుందేళ్లు పకపకా నవ్వాయి. తొండ మనసు చివుక్కుమంది. 'చిలుం ఉంటే నన్నూ పెద్దవాడంటారు' అనుకుని తిన్నగా ఉడుము దగ్గరికి వెళ్లాడు.

"పెదనాన్నా, నాకూ పొగ తాగడం నేర్పు."

"వద్దురా. అది పట్టుకుంటే వదలని జబ్బు. మీ పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ నన్ను తిడుతూనే ఉంది. ఆవిడ పోయింది, జబ్బు మిగిలింది."

"అయినా నేర్పు."

ఉడుము నిట్టూర్చాడు. "చెప్పకపోతే చాటుగా తాగుతావు. అది ఇంకా ముప్పు. సరే, విను. ముందు ఆకు. చూడటానికి బాగున్న ఆకు తాగడానికి బాగుండదు. నల్లబడి, ముడతలు పడి, కుండలో ఏడాది నిద్రపోయిన పాత ఆకే తీసుకోవాలి. ముట్టుకుంటే చేతికి తడి తగలకూడదు. చిలుంలో వదులుగా వెయ్యి, గట్టిగా కుక్కొద్దు."

"తరవాత?"

"తరవాత తొందరపడకపోవడమే. చిలుంలో నిప్పు నిద్రపోతున్న పసిబిడ్డలా ఉండాలి. ఒక్క దమ్ము పీల్చి, కాసేపు మామూలుగా ఊపిరి తీసుకో. చిలుం పట్టుకున్న చెయ్యి చురుక్కుమంటే కింద పెట్టెయ్. నాలుక అంతకుముందే కాలుతోందన్నమాట. ఆరిపోతే ఆరిపోనీ. ఆరిపోవడం సిగ్గు కాదురా."

తొండ "ఊఁ, ఊఁ" అన్నాడు. పెదనాన్న ఇచ్చిన చిలుం మాత్రం గట్టిగా పట్టుకున్నాడు.

పొగాకు ఎక్కడిది? లంక పల్లంలో వీరాయమ్మ అనే ఆవిడ గుడిసె ఉంది. ఆవిడ పొగాకు ఎండబెట్టి, గుట్టగా పేర్చి, మాగబెడుతుంది. ఆ గుట్టను మండె అంటారు. చూరుకు వేలాడే కుండలో పాత ఆకు ఉంది. తొండ కుండలోకి తొంగి చూశాడు. అరిగిపోయిన తోలుచెప్పు ముక్కల్లా ఉంది.

'ఇదా? ఇది పట్టుకెళ్తే జెముడుకాకి ఇంకా నవ్వుతుంది' అనుకున్నాడు.

మండెలో ఈ యేటి కొత్త ఆకు ఉంది. పసుపు రంగు. మెరుపు. పట్టుకుంటే మెత్తగా, చల్లగా ఉంది. తొండ ఒక ఆకును లాగాడు.

"నన్నొద్దు నాయనా" అంది ఆకు. "నేనింకా పచ్చిదాన్ని. ఈ యేటి ఎండంతా నా కడుపులోనే ఉంది. అది చల్లారేదాకా నన్ను పడుకోనీ."

"ఇంత అందంగా ఉండి పడుకోవడం ఎందుకు?" అంటూ తొండ దాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తాడు.

ఆ సాయంత్రం తాటిమొద్దు కింద అందర్నీ పోగేశాడు. ఆకును చిలుంలో కుక్కికుక్కి నింపాడు. ఒక నిప్పుకణిక తెచ్చి పైన పెట్టాడు. ఆకు తడిగా ఉంది కదా, చిటపటలాడి ఆరిపోయింది.

"ఆరిపోయిందోచ్!" అంది జెముడుకాకి.

తొండ మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఆరింది. కుందేళ్లు నేల మీద పడి దొర్లాయి. తొండకు చెవులు వేడెక్కాయి. మరో కణిక పెట్టి, బుగ్గలు లోపలికి పోయేలా గుక్క మీద గుక్క లాగాడు.

"మెల్లగా!" అంది నిప్పు. "అలా లాగితే నేను లేచి కూర్చుంటాను. లేచానంటే ఎవర్నీ చూడను."

"లే! లేవాలనే లాగుతున్నాను" అన్నాడు తొండ.

అతను మాట్లాడిన మాటల్లో అదే ఆఖరుది.

తడి ఆకు కాలితే పొగతోపాటు ఆవిరి కూడా వస్తుంది. మరిగే అన్నం గిన్నె మూత తీసి మొహం పెట్టినట్టు ఉంటుంది. ఆ ఆవిరి తొండ నాలుకను కాల్చింది. పచ్చి ఆకు ఘాటు గొంతులో దిగింది. చిలుం పట్టుకున్న చెయ్యి కాలింది. అయినా కింద పెట్టలేదు. అందరూ చూస్తున్నారు మరి! ఆకంతా బూడిదయ్యేదాకా లాగి, కళ్ల నీళ్లు కనిపించకుండా మొహం తిప్పుకుని, నెమ్మదిగా ఇంటికి నడిచాడు.

"ఫరవాలేదే! గట్టివాడే!" అంది జెముడుకాకి వెనక నుంచి. నిజంగానే మెచ్చుకుంది.

ఇంట్లో అతని భార్య ఇసుకలో గుడ్లు పెట్టి, పైన ఇసుక కప్పి కాపలా కూర్చుంది. మొగుడి మొహం చూడగానే లేచింది.

"ఏమయ్యా, ఏమైంది? నోరు తెరువు."

నాలుక నిండా బొబ్బలు. గొంతు లోపల రక్తం చిమ్మినట్టు ఎరుపు. ఆ ఎరుపు మెడ మీదికి కూడా పాకుతోంది.

"అయ్యో నా తండ్రీ!" అంది ఆమె. నీళ్లు పట్టింది. అవి గొంతు దిగలేదు. "మాట రావడంలేదు కదూ? అయితే ఇప్పుడే పోయి ఉడుము మామగారికి చెబుదాం. నీ గొంతు బాగయ్యేదాకా జెముడుకాకి కేకేస్తుంది. దాని గొంతూ పెద్దదే."

తొండ తల అడ్డంగా ఊపాడు.

"ఎందుకు? సిగ్గా? రేపటికి తగ్గిపోతుందనా?"

ఔనన్నట్టు తల ఊపాడు.

"వానకారు రోజులయ్యా. గోదారి నీ గొంతు బాగయ్యేదాకా ఆగుతుందా?"

తొండ పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు పోతుందని ఊరుకుంది.

తెల్లారింది. తొండ మామూలుగా మొద్దెక్కి కూర్చున్నాడు. ఆకాశంలో మబ్బుతునక లేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నీళ్ల రంగు మారింది. ముందు నురగ వచ్చింది. తరవాత ఎర్రనీళ్లు. ఆ వెనక వేళ్లతో సహా ఒక మద్దిచెట్టు తేలుతూ వచ్చింది.

"కావలివాడా, వస్తున్నాను" అంది గోదావరి. "నురగను ముందే పంపాను. కొండలు నన్ను వెనకనుంచి నెడుతున్నాయి, నిలబడలేను. మీవాళ్లను పిలు."

తొండ నోరు తెరిచాడు. గాలి వచ్చింది. కేక రాలేదు.

మెడ ఉబ్బేలా బలమంతా పెట్టి మళ్లీ తెరిచాడు. గాలే వచ్చింది.

ఇక ఏం చెయ్యాలి? ముందు కాళ్ల మీద లేచి తల పైకెత్తాడు, దించాడు. పైకెత్తాడు, దించాడు. లేవండి, పైకి పొండి. లేవండి, పైకి పొండి.

కింద మేస్తున్న కుందేలు చూసి, "కావలివాడు తల ఊపుతున్నాడు. అంతా బాగుందట" అని మళ్లీ మేతలో పడింది.

తొండ మొద్దు దిగి, వీరాయమ్మ గుడిసె కప్పెక్కి తల ఊపాడు. ఆవిడ మండె తిరగేస్తూ పాడుకుంటోంది. తలెత్తి చూసి నవ్వింది.

"నా పాట నీకూ నచ్చిందేంటయ్యా? ఊపు, ఊపు!"

జెముడుకాకి ఎదురైంది. దాని ముందు నిలబడి ఊపాడు.

"నిన్నటి నిషా ఇంకా దిగలేదా బాబూ?" అంటూ అది ఎగిరిపోయింది.

ఉడుము పెదనాన్న బొరియ దగ్గరికి పరిగెత్తాడు. లోపల చీకటి. ఉడుముకు చూపు ఆనదు. తల ఊపితే ఏం కనిపిస్తుంది? తోక పట్టి లాగాడు.

"ఎవర్రా? కుందేలు పిల్లలా?" అన్నాడు ఉడుము నిద్రమత్తులో. "పొండి, పడుకోనీండి. మావాడు మొద్దు మీద ఉన్నాడు. ఏదైనా ఉంటే వాడే కేకేస్తాడు."

అంటూ ఇంకా లోపలికి జరిగాడు.

చివరికి తొండ ఇంటికి పరిగెత్తాడు. భార్యకు మాత్రం ఆ తల ఊపు ఎందుకో చూడగానే తెలిసింది.

"వచ్చేసిందా?" అంది. వెంటనే పల్లానికి పరుగు తీసింది. "వరద! వరద! మెరకెక్కండి!" అని అరిచింది. ఆమె గొంతు చిన్నది. దగ్గరున్నవాళ్లే విన్నారు. విన్నవాళ్లు పరిగెత్తారు. వీరాయమ్మ ఆకు వదిలేసి, చీర పైకి దోపుకుని మెరకెక్కింది. కుందేళ్లలో పెద్దవి ఎక్కాయి. పిల్లలు ఎక్కలేకపోయాయి. కౌజుపిట్ట గూడు ఉన్న గడ్డి మీదుగా నీళ్లు వెళ్లిపోయాయి. ఉడుము బొరియ నోరు ముందే మునిగింది.

తొండ భార్య మెరక దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"నా గుడ్లు!" అంది.

తొండ తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆగలేదు. ఇసుక మీదికి దిగింది. కాళ్లతో గబగబా తవ్వుతోంది. ఎర్రనీళ్లు వచ్చాయి. మళ్లీ చూసేసరికి అక్కడ ఇసుకా లేదు, ఆమే లేదు.

సాయంత్రానికి గోదావరి శాంతించింది. మెరక మీద మిగిలినవాళ్లు చుట్టూ కూర్చున్నారు. కౌజుపిట్ట పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది.

జెముడుకాకి తొండ దగ్గరికి వచ్చింది. తిట్టడానికే వచ్చింది. అతని మెడ చూసింది, నోట్లో బొబ్బలు చూసింది. తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

"నిన్ననే కాలిందా?" అంది.

తొండ తల ఊపాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా. చెప్పలేకపోతే నోరు తెరిచి చూపించొచ్చు కదా. నవ్వేదాన్నే. ఒక పూట నవ్వేదాన్ని. తరవాత ఆ మొద్దెక్కి నేను అరిచేదాన్ని."

తొండ నది వచ్చే వైపు తిరిగి కూర్చున్నాడు.

నాలుక మీద బొబ్బలు కొన్నాళ్లకు మానాయి. గొంతు మాత్రం తిరిగి రాలేదు. "ఇక నువ్వు దిగవయ్యా" అని జెముడుకాకి ఎన్నిసార్లు చెప్పినా అతను కావలి మానలేదు. అతని తరవాత పుట్టిన తొండలన్నీ గొంతు లేకుండానే పుట్టాయి, అవీ కావలి మానలేదు.

అప్పటినుంచే తొండకు కేక లేదు. అప్పటినుంచే వానకారు వచ్చిందంటే దాని మెడ నిప్పు తగిలినట్టు ఎర్రబడుతుంది. కంచె మీదో, రాయి మీదో, ఎక్కడ ఎత్తు కనిపిస్తే అక్కడికెక్కి తల పైకీ కిందికీ ఊపుతుంది. మనల్ని వెక్కిరిస్తోందనుకుని పిల్లలు రాళ్లు విసురుతారు. రాయి తగిలితే కిందపడుతుంది. లేచి, మళ్లీ ఎక్కి, మళ్లీ అదే చెబుతుంది: లేవండి, పైకి పొండి.