బోర్డు మాట జవదాటని వీరేశం

బోడుప్పల్‌లో వీరేశం ఇంట్లో ఉన్నంత తెలివి ఊరంతా గాలించినా దొరకదట. ఆ మాట చెప్పింది వీరేశమే. పోయిన నెల రింగు రోడ్డు మీద కారును ఒళ్ళు తెలియకుండా తోలి పోలీసులకు దొరికాడు. "బోర్డు మీద ఏం రాసుంటే అది చెయ్యి, చాలు" అన్నాడు పోలీసాయన. చెప్పినవాడిది తప్పు కాదు, కానీ విన్నవాడు వీరేశం!

తమ్ముడు సోమేశానికి ముప్పై ఆరేళ్ళకు సంబంధం కుదిరింది. ముహూర్తం పది ఇరవైకి. తొమ్మిదికే వీరేశం, భార్య అండాలు, పెళ్ళికొడుకు కారెక్కారు. ఫంక్షన్ హాలు పది కిలోమీటర్లు.

దారిలో 'హెల్మెట్ పెట్టుకోండి' అని బోర్డు. అంతే, కారాపి మూడు హెల్మెట్లు కొన్నారు.

"వదినా, బాసింగం నలుగుతుంది" అన్నాడు సోమేశం.

"తలకాయ ఉంటేనే గదా బాసింగం!" అంది అండాలు. ఆ తలల్లో ఏముందని కాపాడుకోవడమో!

ఆపైన 'గంటకు 40 కి.మీ.' అని బోర్డు. హాలు రాగానే వీరేశం మీటరు చూశాడు.

"పది కిలోమీటర్లే అయినయి. గంటకు నలభై తిరగాలె."

ఇంకేముంది, హాలు చుట్టూ ప్రదక్షిణలు! పెళ్ళికూతురి తండ్రి గేటు దగ్గర గుండెలు బాదుకున్నాడు. "ఆగుండ్రి! ముహూర్తం దాటుతది!"

"ఆగితే నలభై ఎట్లయితయి మామా?" అని వీరేశం సాగిపోయాడు. ముహూర్తం దాటనే దాటింది.

"పన్నెండింటికి ఇంకోటుంది. అదీ దాటితే పిల్లనియ్య!" అని మామ అరిచాడు.

చివరి చుట్టుకు పక్క సందులోంచి తిప్పాడు. అక్కడ ఇంకో బోర్డు: 'నెమ్మదిగా వెళ్ళండి. ఇంట్లో మీకోసం ఎదురుచూస్తున్నారు.'

"ఇంట్ల ఎవరున్నరే?" వీరేశం అదిరిపడ్డాడు.

"తాళం నా కొంగుకే ఉంది. పాపం, ఎవరో!" అంది అండాలు.

సైకిళ్ళు దాటిపోతుంటే, నెమ్మదిగా ఇల్లు చేరారు. మంచం కింద, బియ్యం డబ్బాలో కూడా వెతికారు. ఎవరూ లేరు. వీరేశం ముఖం పాలిపోయింది.

"బోర్డును అబద్ధం చేసినం. ఎవరన్నా ఒకరు ఇంట్ల ఎదురుచూడాలె."

కారు తోలడానికి వీరేశం కావాలి. తలంబ్రాల పళ్ళెం పట్టడానికి అండాలు కావాలి. పనిలేకుండా ఉన్నవాడు ఒక్కడే. సోమేశాన్ని హెల్మెట్‌తో సహా కుర్చీలో కూర్చోబెట్టి, బయట తాళం వేశారు.

"మేం పోయి నీ పెండ్లి చేసుకొస్తం. కదలకు!" అన్నాడు వీరేశం.

"నెమ్మదిగ పొండ్రి అన్నా. నేను ఎదురుచూస్త" అన్నాడు లోపల్నుంచి పెళ్ళికొడుకు.