పెదాలు కదిపిన సింగారమ్మ

కోటకు పోయే బండ్లబాట పక్కనే చాపలల్లే సింగారమ్మ ఇల్లు. తాత కట్టిన ఇల్లని ఆవిడకు మహా గర్వం. అయితే ఆ ఊళ్లో ఎవరి ఎడ్లకు ఎన్ని గంటలుంటే వాళ్లంత గొప్పవాళ్లు. కొత్వాలు గారి బండ్లకైతే కాడికీ గంటలే, ఇరుసుకూ గంటలే. పొద్దస్తమానం ఆ మోతకు ఆవిడ చెవులు చిల్లులు పడేవి.

చివరికి వెళ్లి రాజుగారికి మొరపెట్టుకుంది.

"అది మోత కాదు ప్రభూ, మన రాజ్య వైభవం! చెవికెంతో ఇంపుగా ఉంటుంది. గిట్టకపోతే ఈవిడే ఇల్లు ఖాళీ చేయాలి" అన్నాడు కొత్వాలు.

"ఒక్కసారి మా అరుగు మీద కూర్చుని చెప్పండి దొరా" అంది సింగారమ్మ తలెత్తి.

మర్నాడు రాజూ కొత్వాలూ వచ్చి కూర్చున్నారు. బండ్లు వరసకట్టి గణగణమంటూ పోతున్నాయి.

"ఆహా! వీణ విన్నట్టుంది!" అని అరిచాడు కొత్వాలు, మీసం దువ్వుతూ.

సింగారమ్మ అతనికేసి చూసి పెదాలు కదిపింది.

"ఏమిటీ?"

మళ్లీ కదిపింది.

"గట్టిగా చెప్పి ఏడువు! ఈ దిక్కుమాలిన గంటల గోలలో ఒక్క ముక్కా వినబడి చావడం లేదు!" అని గావుకేక పెట్టాడు కొత్వాలు.

రాజు పకపకా నవ్వాడు. బండ్లు దాటిపోయాక, "ఇంతకీ ఏమన్నావమ్మా?" అని అడిగాడు.

"నేనేమీ అనలేదు మహారాజా. అనాల్సింది కొత్వాలు గారే అన్నారు."

ఆనాటి నుంచి సింగారమ్మ ఇంటి ముందు గంటలు విప్పుకుని పోవడమే ఆ ఊళ్లో పెద్దమనిషి తరహా అయింది. కొత్వాలు బండి వస్తే మాత్రం ఆవిడ అరుగు మీద దర్జాగా నిలబడి, ఉత్తుత్తినే పెదాలు కదిపేది.